పులిచింతల గేటు: వేగ, త్వరణ విశ్లేషణ చరిత్రలో ఒక ప్రశ్న

2021 ఆగస్టు 5 తెల్లవారుజామున నేటి పల్నాడు జిల్లా బెల్లంకొండ మండలంలోని పులిచింతల ప్రాజెక్టు పదహారవ గేటు వరదలో కొట్టుకుపోయింది. కె.ఎల్. రావు పేరు పెట్టిన ఈ జలాశయ సామర్థ్యం 45.77 టీఎంసీలు. 2013 డిసెంబరులో ప్రారంభమైన ప్రాజెక్టుకు అప్పటికి ఎనిమిదేళ్లయినా నిండలేదు. ఆ ఖాళీలో స్టాప్‌లాగ్‌లు దించడానికి, కృష్ణా డెల్టా కోసం నిల్వ చేసిన నీటిని పెద్ద ఎత్తున దిగువకు వదలవలసి వచ్చింది.

బలాల ప్రసక్తి లేకుండా చలనాన్ని మాత్రమే పరిశీలించే శాస్త్రానికి 1834లో ఆంపియర్ ‘సినమాటిక్’ అని పేరు పెట్టాడు. 1875లో ఫ్రాంజ్ రూలో యంత్రాన్ని ఒకదానితో ఒకటి జతపడిన అంగాల గొలుసుగా వివరించాడు. అది ఆవిరియంత్రాల కాలం. పిస్టన్ దిశ మారే చోట త్వరణం అధికం, జడత్వ బలమూ అధికం. అందువల్ల వేగ, త్వరణ పటాల అధ్యయనం ప్రధానంగా వడిగా తిరిగే క్రాంకుల చుట్టూ సాగింది.

రేడియల్ గేటు స్వభావం వేరు. ఏతాము దూలం ఇరుసుపై వాలినట్లే, గేటు చేతులు ట్రనియన్ అనే ఇరుసుపై తిరుగుతాయి. గేటు ముఖం వృత్తచాపం కనుక నీటి ఫలితబలం ట్రనియన్ కేంద్రం గుండా పోతుంది. ఎత్తే యంత్రానికి మిగిలేవి బరువు, ఘర్షణ. ఉదాహరణకు వ్యాసార్ధం పది మీటర్లు, అంచు వేగం నిమిషానికి అర మీటరు అనుకుంటే, అభికేంద్ర త్వరణం సెకను వర్గానికి మీటరులో లక్షో వంతుకన్నా తక్కువ. ఈ లెక్క ప్రకారం జడత్వం వల్ల భయం లేదు.

అయితే ఇక్కడ కీలకమైనది వేగ పరిమాణం కాదు, దాని దిశ. ఇరుసు ఎటు జారితే ఘర్షణ దానికి ఎదురు నిలుస్తుంది. నీటి భారమంతా ఇరుసుపైనే ఉన్నందున ఆ ఘర్షణ పెద్దది. అది చేతులను వంచే భ్రామకంగా మారుతుంది. కాలిఫోర్నియాలోని ఫోల్సమ్ ఆనకట్టలో 1995 జూలై 17న ఒక గేటు, ఎత్తుతున్న సమయంలోనే విరిగిపోయింది. దాని రూపకల్పనలో ట్రనియన్ ఘర్షణను లెక్కలోకి తీసుకోలేదని, తుప్పు వల్ల అది కాలక్రమేణా పెరిగిందని దర్యాప్తులో తేలింది.

ఫోల్సమ్ కారణాన్ని పులిచింతలకు ఆపాదించడం సమంజసం కాదు. కానీ రెండు చోట్లా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: గేటు కదలబోయే క్షణంలో ఇరుసు వద్ద ఏ బలం ఏ దిశలో పనిచేస్తుంది? త్వరణం శూన్యప్రాయమైన చోట విశ్లేషణ ముగిసిందని భావించే బోధనలో ఈ ప్రశ్నకు చోటుండదు. బెల్లంకొండ అనుభవం దానిని పాఠ్యాంశంలోకి తీసుకురావలసిన అవసరాన్ని సూచిస్తోంది.