చింతమాను గంట

ఆ సెల్లు రవంతసేపు జేబులో పెట్టుకుని ఇట్లా మంట పక్కకు జరుగు అబ్బోడా. డిసెంబరు చలి దూరంగా కూర్చున్నోణ్ణే ముందు పట్టుకుంటుంది. అవ్వ అనపకాయలు ఉడకేసింది, ఉప్పు సరిపోయిందో లేదో చూడు. రేపు సంగటిలోకి పితికిన పప్పు చేస్తుందంట. అనపగింజ తోలు పితికేదానికి రాత్రంతా కూర్చోవాల, కాబట్టి చేతులకు పని ఉంది, నోటికీ పని ఉంది.

మొన్న మీ నాయనతో నువ్వన్న మాట నా చెవిన పడింది. "ప్రార్థన కూటానికి ఏడుగురే వస్తున్నారు, అందులో నలుగురు మనింటోళ్లే, క్రిస్మస్ కాగానే మానేస్తా" అన్నావు. ఆ పూట నీ ముఖం చూసి నేనేమీ అనలేదు. రేపు ఆదివారం, నీకు ఆఫీసు లేదు, నాకు తొందర లేదు. ఇప్పుడు చెప్తా, విను.

నా చిన్నప్పుడు మన గుడి ఇట్లా మిద్దె కాదు. బోద కప్పిన కొట్టం, మట్టి గోడలు, పేడతో అలికిన నేల. ఆడోళ్లు ఒకపక్క, మగోళ్లు ఒకపక్క చాపల మీద కూర్చునేవాళ్లు. గుడి ముందర చింతమాను, దాని కొమ్మకు రైలు పట్టా ముక్క ఒకటి ఇనుప తీగతో వేలాడేది. కుప్పం దిక్కు నుంచి ఎవరో బండిలో వేసుకుని తెచ్చినారంట. గుడిలో వాక్యం చెప్పే ఉపదేశయ్య దాన్ని సుత్తితో కొడితే ఆ మోత చెరువు కట్ట దాటి కయ్యల దాకా పోయేది. గడియారం ఉన్నిల్లు ఊళ్లో ఒకటో రెండో. ఆదివారం పొద్దు ఎంతైందో గుడికి రానోళ్లకు కూడా ఆ గంటే చెప్పేది.

కానుకల సంగతి చెప్తే నవ్వుతావు. అప్పుడు నయాపైసలు లేవు, అవి 1957లో వచ్చినాయి. అణాలు, అర్ధణాలు, కాలణాలు. యుద్ధం నాటి కాలణాకు నడుమ చిల్లు ఉండేది. దాన్ని దారానికి గుచ్చి మొలతాడుకు కట్టుకునేవాళ్లం పిల్లోళ్లం. అమ్మ కానుకకని ఇచ్చిన కాలణా సంచిలో వేసేలోపల బొరుగులమ్మే అవ్వ కంటపడితే ఇక అంతే, ఆ వారం దేవుడికి మా దగ్గర నుంచి వచ్చేది నమస్కారం ఒక్కటే. పెద్దోళ్ల దగ్గరా డబ్బులు ఎక్కువేం ఆడేవి కావు. ఆడోళ్లు వంటకు కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేసేవాళ్లు. వరి పండే సీమలో అది పిడికెడు బియ్యం, మనకు పిడికెడు రాగులు. నెలకొకసారి ఆ ముంతలన్నీ గుడిలో బోర్లిస్తే ఉపదేశయ్య ఇంట్లో సంగటి ఉడికేది. ఇప్పుడు మీరు ఫోన్లోనే కానుక పంపిస్తారు, మంచిదే. కానీ ఆ ముంతలో చెయ్యి పెట్టినప్పుడు మా అమ్మ పెదవులు ఏదో పలికేవి. ఆ పలుకు నాకిప్పటికీ గుర్తుంది.

యాడికో పోతున్నా. గంట దగ్గరికి వస్తా.

ఒక ఏడు వాన మొహం చాటేసింది. చెనక్కాయ విత్తనం మట్టిలోనే మాడిపోయింది. వయసోళ్లంతా కోలారు బంగారు గనులకు పోయినారు. మన వైపు నుంచి గని పనికి పోవడం అప్పట్లో మామూలే. ఆ గనులు 2001లో మూసేసేదాకా ఎందరి కొంపలకో కూడు పెట్టినాయి. ఊరు సగమైంది, గుడి పావలా అయింది. చివరకు ఒక ఆదివారం ఉపదేశయ్య, ఆయన భార్య, మా అవ్వ, నేను. నలుగురమే. పాట పాడితే గోడలే తిరిగి పాడినాయి. ప్రార్థన నడుమ ఉపదేశయ్య గొంతు పూడిపోయి కొంచెంసేపు మాట రాలేదు. పెద్దాయన ఏడవడం నేను చూసింది అదే మొదలు.

ఆ సాయంత్రం మా అవ్వ అడిగింది, "అయ్యా, వినేటోళ్లు లేనప్పుడు గంటెందుకు కొట్టడం?" అని. ఆయన జవాబు చెప్పకుండా బుడ్డి దీపం ముందర కూర్చుని ఒంగోలు కథ ఎత్తుకున్నాడు. అదే ఇప్పుడు నీకు చెప్తా. దూరపు కొండలు నునుపంటారు గానీ, ఈ కొండ దగ్గరికి పోయి చూస్తే ఎంత గరుకో తెలుస్తుంది.

అమెరికా బాప్టిస్టు దొర శామ్యూల్ డే తెలుగోళ్ల కోసమని 1836లో ఈ దేశంలో దిగినాడు, 1840లో నెల్లూరులో కాపురం పెట్టినాడు. ఏళ్లు గడిచినా నమ్మినోళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంతే. ఒళ్లు చెడి ఒకసారి వెనక్కి పోయినాడు, మళ్లీ వచ్చినాడు. అమెరికాలో సంఘం పెద్దలు లెక్క తీసినారు, ఇంత ఖర్చుకు ఇంతేనా ఫలితం, ఈ నెల్లూరు పని మూసేద్దాం అని. నువ్వు కూడా ఏడుగురిని లెక్కబెట్టినావు కదా, అదే లెక్క. 1853లో ఆల్బనీ పట్నం సభలో ఆ మాట మళ్లీ వచ్చింది. గోడ మీది పటంలో తెలుగుసీమకంతా వాళ్లకున్నది నెల్లూరు చుక్క ఒక్కటే. దాన్ని చూపించి ఎవరో ఒంటరి నక్షత్రం అన్నారు. సభలో ఉన్న శామ్యూల్ స్మిత్ అనే కవి ఆ పేరు మీదనే రాత్రికి రాత్రి ఒక గీతం కట్టినాడు. మర్నాడు అది చదివితే విన్నోళ్ల కళ్లు తడిసినాయి, మూసేసే మాట ఆగింది.

ఇక్కడ ఐదుగురు 1854 జనవరి ఒకటో తేదీ పొద్దు పొడవక ముందే ఒంగోలు కొండెక్కినారు. లైమన్ జూయెట్ దొర, ఆయన భార్య, నర్సు అనే ఉపదేశి, జూలియా, రూతు. ఒంగోలుకు ఒక మనిషిని పంపమని దేవుణ్ణి అడిగినారు. ఐదుగురు అబ్బోడా, మీ కూటానికన్నా ఇద్దరు తక్కువ.

మనిషి వచ్చినాడా? మర్నాడు రాలేదు, మరుసటేడూ రాలేదు. 1862లో మూడోసారి మూసేసే మాట లేచింది. అప్పుడు జూయెట్ అమెరికాలోనే ఉన్నాడు. మీరు పంపకపోయినా నేనొక్కణ్ణే పోయి అక్కడే చస్తా అన్నాడు. అట్లయితే నిన్ను పూడ్చేదానికైనా ఒకణ్ణి తోడు పంపాల్సిందే అన్నారంట పెద్దలు. 1865లో వచ్చినవాడు జాన్ క్లౌ. మరుసటేడు ఒంగోలులో దిగినాడు. కొండ మీది ప్రార్థనకూ ఆయన ఒంగోలుకు రావడానికీ నడుమ పన్నెండేళ్లు. విత్తిన మర్నాడే మొలకకోసం మట్టి తవ్వి చూసే రైతును నువ్వెప్పుడైనా చూసినావా?

ఈ క్లౌ దొర కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముచ్చట ఒకటుంది. యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ 1866లో బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ల వెనక మాదిగవాడల నుంచి జనం రాసాగినారు. ఇది చూసి ఊళ్లో పెద్దకులాల వాళ్లు దొరతో, వీళ్లను చేర్చుకోవడం ఆపితే మేము వస్తాం అన్నారు. చదువుకున్నోళ్లు, పలుకుబడి ఉన్నోళ్లు! కొత్తగా వచ్చినోడికి అది ఎంత పెద్ద ఆశ! దొర ఏం చెయ్యాలో తోచక గదిలోకి పోయి చేతికి దొరికిన కొత్త నిబంధన తెరిచినాడు. పౌలు కొరింథువాళ్లకు రాసిన మొదటి జాబు, మొదటి అధ్యాయం చివరి భాగం వచ్చింది. పెద్ద పేరున్నోళ్లను కాకుండా, లోకం లెక్కలోకి తీసుకోనోళ్లనే దేవుడు ఏరుకున్నాడని చెప్పే చోటు. ఇంకో గదిలో ఆయన భార్య కూడా అదే దిగులుతో పుస్తకం తెరిస్తే ఆమెకూ అదే చోటు వచ్చింది. ఇద్దరూ ఎదురుపడి చెప్పుకున్నాక ఇక వెనకా ముందూ చూడలేదు. చీదరించుకోబడినోళ్ల పక్కనే నిలబడినారు. సాయంకాలం చావడిలో గౌరవం పోతే పోయింది. దొరతనం దిగి కూర్చోవడం వాళ్లు నేర్చుకున్నది ఆ పొద్దే.

తర్వాత 1876 నాటి ధాత కరువు. మా అవ్వకు వాళ్లవ్వ చెప్పిన కరువు అది. మన సీమను కూడా పీల్చి పిప్పి చేసింది. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చినాడు. ఆ కాలమంతా, పదిహేను నెలలు, ఒక్కరికీ బాప్తిస్మం ఇయ్యలేదు. కూటి కోసం వచ్చినారన్న మాట పడకూడదని. కూలి డబ్బులు ఆగిపోయినాక కూడా జనం వచ్చి మాకు బాప్తిస్మం కావాలన్నారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో, వెల్లంపల్లి దగ్గర, ఒక్క పొద్దులో 2,222 మంది. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా నీళ్లలో దిగి ఇచ్చినారు. దొర గట్టున నిలబడినాడు గానీ తాను ఒక్కరికీ ఇయ్యలేదు.

ఆగు, ఆగు. నీ కళ్లు అప్పుడే మెరుస్తున్నాయి. మన ఏడుగురు కూడా రెండువేలు అవుతారా అని అడగబోతున్నావు కదా? ఉపదేశయ్య ఆ కథ అక్కడ ఆపలేదు. నెల్లూరులో మొదట కాపురం పెట్టిన శామ్యూల్ డే 1871లోనే పోయినాడు. గుండ్లకమ్మ ఒడ్డు ఆయన చూడలేదు. ఆయన చూసింది ఎండిన చేనే. "నేనూ చూడకపోవచ్చు" అన్నాడు ఉపదేశయ్య. "చూపిస్తేనే కొడతానంటే అది గంట కాదు, బేరం." మా అవ్వ మారు మాట్లాడలేదు. పైట చెంగుతో ముఖం తుడుచుకుని రాగులు విసరడానికి లేచింది.

ఇప్పుడు మనింటి సంగతి. మీ నాయనకు కూడా సగమే తెలుసు.

మా పెదనాయన గొప్ప పాటగాడు. గుడిలో ఆయన ఎత్తుకుంటే మిగతావాళ్లు నోరు మూసుకోవాల్సిందే. ఎవరైనా అపస్వరం పలికితే అందరి ముందర నిలదీసేవాడు. ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందంటారు గానీ, ఆయన విస్తరిలో సరుకుంది, అయినా ఎగిరింది. అట్లాంటాయనకు దగ్గు పట్టుకుంది. దగ్గులో ఎరుపు కనిపించింది. ఆ రోజుల్లో ఆ జబ్బు పేరు గట్టిగా పలికేవాళ్లు కారు, మదనపల్లికి తీసుకుపోయినారు అంటే చాలు, అర్థమయ్యేది.

మదనపల్లి మనకు కొత్త కాదు. 1863లో జేకబ్ చాంబర్లిన్ అనే వైద్యుడైన దొర పలమనేరు నుంచి అక్కడికి మారినాడు. మందు ఇచ్చే చేత్తోనే వాక్యం చెప్పినాడు. ఆ ఏడే నిజాం సీమ మీదుగా గోదావరి దాకా పోయి, ఒక ఊళ్లో జనం రాళ్లు పట్టుకుని చుట్టుముడితే, కొట్టేముందు ఒక కథ వినండి అని సిలువ కథ చెప్పినాడంట. రాళ్లు కాలవలో పడినాయి. 1908లో మదనపల్లిలోనే కన్ను మూసినాడు. ఆ తర్వాత 1912లో, అనేక మిషన్లు ఒకటిగా చేరి క్షయకు ఆసుపత్రి మొదలుపెట్టినాయి. అదే ఆరోగ్యవరం. డెన్మార్కు నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ డాక్టరు దాన్ని నిలబెట్టినాడు. మంచి మందులు అందక ముందు వైద్యమంటే గాలి, పాలు, గుడ్లు, నెలల తరబడి పడక, అంతే.

పెదనాయన రెండేళ్ల దాకా ఉన్నాడక్కడ. గట్టిగా మాట్లాడొద్దన్నారు. పాట పోయింది. మొదట్లో గోడకు తిరిగి పడుకునేవాడంట. పక్క మంచంలో ఒకాయనకు రాయడం రాదు, ఇంటికి ఉత్తరం రాసిపెట్టమన్నాడు. ఒకటి రాసినాడు, పదయినాయి, ఆ వార్డులో ఉత్తరాలన్నీ ఈయన చేతిమీదే పోయినాయి. ఊరందరి ముందర పాడిన మనిషి ఒక్కొక్కరి చెవి దగ్గర కూర్చుని గుసగుసగా వాళ్ల కష్టం వినడం అక్కడ నేర్చుకున్నాడు.

తిరిగొచ్చినా ఊరు దగ్గరికి రానియ్యలేదు. భయం, తప్పు పట్టలేం. కయ్యలో కొట్టం వేసి ఉంచినారు. కూడు గట్టున పెట్టి కేకేసి పోయేవాళ్లు. సరిగ్గా అదే, మన గుడి నలుగురికి తగ్గిన ఏడు. ఆయన ఇదంతా నా పెళ్లయినాక, ఇట్లాంటి చలిమంట పక్కనే చెప్పినాడు. "ఆదివారం గంట వినబడితే, నేను లేకపోయినా ప్రార్థన జరుగుతోంది, నా పేరు ఎవరో ఒకరు తలుచుకుంటారు అనుకునేవాణ్ణి. ఒక ఆదివారం పొద్దెక్కినా గంట లేదు. వీళ్లూ మానుకున్నారు, ఇక నేనూ కూడు ముట్టనని గోడకు తిరిగినా. చాలాసేపటికి మోగింది. లేచి ముఖం కడుక్కున్నా."

ఆ పొద్దు ఆలస్యం ఎందుకయిందో నాకు తెలుసు. ఉపదేశయ్యకు జ్వరం. మా అవ్వ భుజం పట్టుకుని చింతమాను దాకా నడిచొచ్చినాడు. సుత్తి ఎత్తలేక రెండు చేతులా పట్టుకుని కొట్టినాడు. కయ్యలో ఒకాయన గోడకు తిరిగి పడుకున్నాడని ఆయనకు తెలియదు. తెలియకుండానే పోయినాడు కూడా.

కాయలు చల్లారిపోతున్నాయి, తిను.

చింతమాను గాలివానకు కూలి చాన్నాళ్లయింది. పట్టా ముక్క మన వసారాలో, రాగుల గాదె వెనక ఉంది, సుత్తి దానిమీదే పెట్టినా. రేపు నీ కూటానికి ముందు దాన్ని వేపమానుకు కట్టి కొట్టు. మన వీధి చివర పక్షవాతంతో మంచం పట్టిన ముసలాయన ఉన్నాడు కదా, ఆయనకు చెవులు బాగానే వినబడతాయి.