325 హార్స్‌పవర్ కారుకి స్టీరింగ్ ఎందుకు లూజు?

పాత హాలీవుడ్ సినిమాల్లో ఒకటి గమనించారా? రోడ్డు తిన్నగా ఉంటుంది, హీరో మాత్రం స్టీరింగ్‌ని అటూ ఇటూ ఆడిస్తూనే ఉంటాడు. అందులో సగం స్టూడియోలో తెర ముందు కూర్చుని చేసిన నటన. మిగతా సగం నిజం. ఆ రోజుల అమెరికన్ కార్లు చాలావాటిని తిన్నగా ఉంచాలంటే చేతులు అలా కదులుతూనే ఉండాలి. మన మెకానిక్‌లు దీన్ని "స్టీరింగ్‌లో ప్లే ఉంది" అంటారు. అంటే మీరు చక్రం తిప్పినా కొంతదాకా టైర్లు కదలవు.

మజిల్ కార్ల ఇంజిన్ల మీద బోలెడు వీడియోలున్నాయి. మనం ఈ రోజు స్టీరింగ్ గురించే మాట్లాడుకుందాం. ఎందుకంటే ఆ కార్లని ఇప్పుడు బాగుచేసి నడుపుకునేవాళ్లకి ముందుగా ఎదురయ్యే తలనొప్పి అదే. తప్పుగా బాగుచేస్తే ప్రాణం మీదికి వచ్చేదీ అదే.

ఇంజిన్ మారింది, మిగతాది మారలేదు

1964 మోడల్‌తో మొదలుపెడదాం. జనరల్ మోటార్స్‌లో పాంటియాక్ విభాగానికి అప్పట్లో చీఫ్ ఇంజినీర్ జాన్ డెలోరియన్. "బ్యాక్ టు ద ఫ్యూచర్" సినిమాలో టైమ్ మెషిన్ కారు గుర్తుందా? తర్వాత ఆ కారు కంపెనీ పెట్టింది ఇతనే. మధ్యస్థ సైజు కార్లలో 330 క్యూబిక్ ఇంచులకి మించిన ఇంజిన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్‌లో రూలు. డెలోరియన్ బృందం ఆ రూలుకి ఒక సందు కనిపెట్టింది. టెంపెస్ట్ అనే మామూలు ఫ్యామిలీ కారులో పెద్ద కార్లకి వాడే 389 క్యూబిక్ ఇంచుల, అంటే దాదాపు 6.4 లీటర్ల వీ-8 ఇంజిన్ దింపారు. కొత్త మోడల్ అంటే పైవాళ్ల అనుమతి కావాలి కాబట్టి దాన్ని "ఆప్షన్ ప్యాకేజీ" అన్నారు. ఫెరారీ వాడిన పేరునే తీసుకుని జీటీవో అని పెట్టారు. 325 హార్స్‌పవర్. మొదటి ఏడాదే 32,450 కార్లు అమ్ముడయ్యాయి.

ఇంజిన్ పెద్ద కారుది. మరి మిగతా బండి? బ్రేకులు నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. పవర్ లేని మామూలు స్టీరింగ్ బాక్స్ రేషియో 24:1. అంటే బాక్స్ కింద ఉండే ఆర్మ్ ఒక డిగ్రీ తిరగాలంటే మీ చేతిలో చక్రం 24 డిగ్రీలు తిరగాలి. డబ్బు పెట్టి పవర్ స్టీరింగ్ తీసుకుంటే 17.5:1.

ఎవరూ పట్టించుకోలేదా? పట్టించుకోవాల్సిన అవసరం వాళ్లకి రాలేదు. డెట్రాయిట్‌లో వుడ్‌వర్డ్ అవెన్యూ అని తిన్నటి రోడ్డు ఉంది. కుర్రాళ్ల పోటీలు ఆ రోడ్డు మీద, ఒక సిగ్నల్ నుంచి ఇంకో సిగ్నల్ దాకా. డ్రాగ్ రేస్ అంటే పావు మైలు, సుమారు 400 మీటర్లు, అదీ తిన్నగానే. 1956 చట్టంతో దేశమంతా వెడల్పాటి హైవేలు పడుతున్నాయి. పందెం తిన్నటి రోడ్డు మీద ఉన్నప్పుడు కంపెనీ డబ్బు స్టీరింగ్ మీద ఎందుకు పెడుతుంది?

చేతకాక కాదు, అది మాత్రం గుర్తుపెట్టుకోండి. 1965లో ఫోర్డ్ మస్టాంగ్‌ని తీసుకుని క్యారల్ షెల్బీ జీటీ350 చేశాడు. అందులో పిట్‌మన్ ఆర్మ్‌ని, ఐడ్లర్ ఆర్మ్‌ని కాస్త పొడుగు చేశారు. అంతే, చక్రం కొంచెం తిప్పితేనే బండి చురుగ్గా తిరిగింది. మలుపులున్న ట్రాక్ మీద గెలవాలి కాబట్టి షెల్బీకి ఆ అవసరం వచ్చింది.

పాతికేళ్లు ఆగిన పవర్ స్టీరింగ్

పవర్ స్టీరింగ్ కథ కూడా ఇలాంటిదే. పియర్స్-యారో కంపెనీ ట్రక్కుల విభాగంలో చీఫ్ ఇంజినీర్‌గా చేసిన ఫ్రాన్సిస్ డేవిస్ ఉద్యోగం మానేసి, 1926కల్లా నడిచే హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ తయారుచేసి డెట్రాయిట్‌లో చూపించాడు. జనరల్ మోటార్స్ ఒప్పందం చేసుకుంది. తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చింది, 1934లో పక్కన పెట్టేసింది. చివరికి 1951లో క్రైస్లర్ తన ఇంపీరియల్ కారులో పవర్ స్టీరింగ్ అమ్మింది. అదీ గడువు తీరిపోయిన డేవిస్ పేటెంట్ల ఆధారంగా! అప్పుడు జనరల్ మోటార్స్ డేవిస్ పాత పనినే మళ్లీ అందుకుంది.

అప్పటి షోరూమ్‌లలో పవర్ స్టీరింగ్‌కి ప్రచారం ఒక్కటే: ఒంటి చేత్తో పార్క్ చేయొచ్చు. అందుకే సహాయం మరీ ఎక్కువ ఇచ్చారు. చక్రం వెన్నలా తిరుగుతుంది కానీ కింద రోడ్డు ఎలా ఉందో చేతికి తెలియదు. అంటే మజిల్ కారు స్టీరింగ్‌లో కొంత "లూజు" అరుగుదల కాదు, ఫ్యాక్టరీలోనే అలా వచ్చింది. రిపేర్‌కి దిగేముందు ఈ రెండింటినీ విడదీయాలి.

బాక్స్ లోపల ఏముంది

జనరల్ మోటార్స్ స్టీరింగ్ బాక్సులు మిషిగన్ రాష్ట్రంలోని సాగినా అనే ఊళ్లో తయారయ్యేవి. డిజైన్ పేరు రీసర్క్యులేటింగ్ బాల్. మీ చక్రంతో పాటు బాక్స్ లోపల ఒక పెద్ద స్క్రూ తిరుగుతుంది. దాని మీద ఒక నట్టు. రెండింటి మధ్య గాడిలో ఉక్కు గుండ్లు దొర్లుతూ, చివరికి వెళ్లి మళ్లీ మొదటికి వస్తుంటాయి. నట్టు కదిలితే దాని పళ్లు ఇంకో షాఫ్ట్‌ని తిప్పుతాయి, దాన్ని సెక్టర్ షాఫ్ట్ అంటారు. దాని కిందే పిట్‌మన్ ఆర్మ్, మన లారీ మెకానిక్‌ల మాటలో డ్రాప్ ఆర్మ్. బరువుకి బాగా తట్టుకుంటుంది కాబట్టి పెద్ద లారీల్లో ఈ పద్ధతి ఇప్పటికీ ఉంది.

సెక్టర్ పళ్లలో ఒక తెలివైన పని ఉంది. మధ్య పన్ను కావాలనే కాస్త బిగుతుగా ఉంటుంది. చక్రం తిన్నగా ఉన్నప్పుడు ప్లే ఉండకూడదని. పక్కలకి తిప్పితే కొద్దిగా వదులు.

ఇప్పుడు యాభై, అరవై ఏళ్ల తర్వాత ఏమైంది? బండి ఎక్కువగా నడిచింది తిన్నగానే. కాబట్టి అందరికంటే ముందు అరిగింది ఆ మధ్య పన్నే. పక్క పళ్లు దాదాపు కొత్తవాటిలానే ఉంటాయి. ఆ కారు ఎలాంటి రోడ్ల మీద బతికిందో ఆ ఒక్క పన్ను చెప్తుంది.

అసలు ప్రమాదం ఆ స్క్రూ దగ్గర

బాక్స్ మీద ఒక అడ్జస్టింగ్ స్క్రూ, దానికో లాక్ నట్ ఉంటాయి. బిగిస్తే ప్లే తగ్గుతుంది. చాలామంది మొదట చేసేది ఇదే: ప్లే పోయేదాకా బిగించేస్తారు. గ్యారేజ్‌లో అద్భుతంగా ఉంటుంది. కానీ అరిగిన మధ్య పన్నుకి సరిపడా బిగిస్తే, అరగని పక్క పళ్లు పట్టేస్తాయి. మలుపులో చక్రం తిప్పారు, మలుపు అయిపోయింది, చక్రం వెనక్కి రాదు. ఎదురుగా వాహనం ఉంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి స్క్రూ చివరి పని, మొదటిది కాదు. సాఫ్ట్‌వేర్‌లో బగ్ వెతికినట్టే: ఇన్‌పుట్ ఎక్కడిదాకా వెళ్తోంది, ఎక్కడ పోతోంది? బండిని చక్రాల మీదే నిలబెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఒకరు స్టీరింగ్‌ని కొద్ది కొద్దిగా అటూ ఇటూ ఆడించాలి. ఇంకొకరు పైనుంచి కిందికి వరసగా చూడాలి.

మొదట కాలమ్‌ని బాక్స్‌కి కలిపే చోటు. అక్కడ రబ్బరు, గుడ్డ కలిపి చేసిన బిళ్ల ఉంటుంది, ర్యాగ్ జాయింట్ అంటారు. నూనె కారి, వేడికి మెత్తబడి చిరిగిపోతుంది. చవకైన పార్ట్, చాలాసార్లు దొంగ ఇదే. తర్వాత బాక్స్: పైన షాఫ్ట్ తిరిగినా కింద ఆర్మ్ కదలకపోతే అప్పుడు తప్పు బాక్స్‌ది. బాక్స్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే బోల్టులూ చూడండి. తర్వాత పిట్‌మన్ ఆర్మ్‌కి ఎదురు పక్కన ఉండే ఐడ్లర్ ఆర్మ్. అది అరిగితే కింద లింక్ మొత్తం పైకీ కిందికీ ఊగుతుంది. ఆ తర్వాత టై రాడ్ ఎండ్‌లు. చివరిగా బండిని స్టాండ్‌ల మీద పెట్టి బాల్ జాయింట్లు, వీల్ బేరింగ్‌లు. వట్టి జాక్ మీద ఉన్న బండి కిందకి మాత్రం దూరొద్దు.

ఇవన్నీ బాగున్నాక కూడా ప్లే ఉంటే అప్పుడు స్క్రూ. లింకులు విడదీసి, చక్రం సరిగ్గా మధ్యలో పెట్టి, కంపెనీ మాన్యువల్ చెప్పిన కొలత ప్రకారం, కొంచెం కొంచెంగా. అయినా పక్కల పట్టేస్తే ఆ బాక్స్‌ని విప్పి లోపలి పార్టులు మార్చాల్సిందే.

టైర్లు మారాయి, కొలతలు మారలేదు

పార్టులన్నీ కొత్తవి వేసినా కొన్ని బండ్లు రోడ్డు మీద తేలుతున్నట్టే పోతాయి. కారణం కాస్టర్. సైకిల్ ముందు ఫోర్క్ వెనక్కి వాలి ఉంటుంది కదా, అందుకే చేతులు వదిలినా కాసేపు తిన్నగా పోతుంది. కారు ముందు చక్రాలకీ అలాంటి వాలు ఉంటుంది, అదే కాస్టర్. 1960ల అమెరికన్ కార్లకి వచ్చినవి బయాస్ ప్లై టైర్లు. వాటికి తగ్గట్టు, పార్కింగ్‌లో చక్రం తేలిగ్గా తిరగాలని, చాలా కార్లకి కాస్టర్ సున్నా దగ్గర పెట్టారు. ఇప్పుడు అందరూ రేడియల్ టైర్లు వేస్తున్నారు, అలైన్‌మెంట్ మాత్రం పాత పుస్తకం చూసి చేయిస్తున్నారు. రేడియల్‌కి కొన్ని డిగ్రీల పాజిటివ్ కాస్టర్ ఇస్తే అదే బండి హైవే మీద కుదురుగా పోతుంది.

కాలమ్ అనే బల్లెం

ఇక ఈ కథలో బాధాకరమైన భాగం. ఆ పాత కార్లలో స్టీరింగ్ కాలమ్ ఒకటే పొడవాటి గట్టి ఇనుప కడ్డీ. ముందు నుంచి గుద్దుకుంటే అది డ్రైవర్ ఛాతీ మీదికి బల్లెంలా వచ్చేది. 1965 నవంబర్‌లో రాల్ఫ్ నాడర్ రాసిన "అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్" పుస్తకం ఇలాంటివన్నీ బయటపెట్టింది. 1966 సెప్టెంబర్‌లో అమెరికాలో వాహన భద్రత చట్టం వచ్చింది. 1967 మోడల్ నుంచి జనరల్ మోటార్స్ కార్లలో గుద్దుకున్నప్పుడు నలిగిపోయే కాలమ్ పెట్టారు. 1968 జనవరి 1 నుంచి కాలమ్ మీద ప్రభుత్వ ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి.

రిపేర్ చేసేవాళ్లు ఇది తెలుసుకోవాలి: ఆ కొత్త కాలమ్‌లో ప్లాస్టిక్ పిన్నులుంటాయి, దెబ్బకి విరగడమే వాటి పని. చక్రం ఊడి రావట్లేదని సుత్తితో కొడితే అవి అప్పుడే విరుగుతాయి. కాలమ్ లూజు అవుతుంది, ప్రమాదంలో చేయాల్సిన పనీ చేయదు. పుల్లర్ వాడండి.

చివరిగా

ఆ సాగినా కంపెనీ పేరు ఇప్పుడు నెక్స్‌టీర్. 2010లో చైనా యజమానుల చేతికి వెళ్లింది. బెంగళూరులో దానికి సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు ఉన్నారు. అవును, ఇప్పటి కారులో చక్రం ఎంత బరువుగా ఉండాలో నిర్ణయించేది మోటారు, దాని వెనక కోడ్.

నాకు ఈ చరిత్రలో కనిపించేది ఒకటే. ఒక వస్తువులో జనం ఏ నంబర్ చూసి కొంటారో కంపెనీ ఆ నంబరే పెంచుతుంది. అప్పుడు హార్స్‌పవర్. ఇప్పుడు టచ్‌స్క్రీన్ సైజు. బండిని తిప్పేది, ఆపేది, మనల్ని కాపాడేది బ్రోషర్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఈసారి టెస్ట్ డ్రైవ్‌కి వెళ్తే స్క్రీన్ ఆఫ్ చేసి, ఒక పెద్ద మలుపు తిప్పి చూడండి. మలుపు దాటాక చక్రం తనంతట తాను మధ్యకి వస్తోందా లేదా, చేతికే తెలుస్తుంది.

మీ ఇంట్లో పాత బండి ఉండి, దాని స్టీరింగ్‌తో కుస్తీ పట్టి ఉంటే కామెంట్స్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో డ్రమ్ బ్రేకుల సంగతి చూద్దాం. ఉంటాను.