పదకొండో నంబరు మామిడి

పండ్లకు పేర్లు ఎలా వస్తాయన్నది పైకి చాలా చిన్న ప్రశ్న. కాని జమైకా దీవిలో ఒక జూలై నెలలో కొన్నాళ్ళు తిరిగి, సంతలలో బుట్టల ముందు నిలబడి ఒక్కొక్క పండు పేరూ అడిగి తెలుసుకున్నాక, ఆ పేర్లలో నాలుగు ఖండాల చరిత్ర ఇమిడి ఉన్నదని నాకు బోధపడింది. ఆ చరిత్రలో కొంత మనది కూడా. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా మామిడి సంగతి. కింగ్‌స్టన్ నగరంలోని కారొనేషన్ మార్కెట్టులో మామిడికాయలు రాసులు పోసి అమ్ముతారు. అందులో ఒక రకం పేరు ‘నంబర్ ఎలెవెన్’. పీచు ఎక్కువ, తీపి ఎక్కువ. మన నాటు రసాలలాగా మెత్తగా నలిపి, ముచ్చిక కొరికి, జుర్రుకోవలసిన పండు. రుచి ఎంత పరిచితమో పేరు అంత అపరిచితం. దాని వెనుక కథ ఇది. 1782లో, ఇంగ్లండు ఫ్రాన్సుల మధ్య యుద్ధం జరుగుతున్న రోజులలో, నౌకాధిపతి రాడ్నీ దళానికి చెందిన ఒక ఆంగ్ల యుద్ధనౌక ఒక ఫ్రెంచి ఓడను పట్టుకొన్నది. హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచి దీవుల నుంచి కరీబియన్‌లోని ఫ్రెంచి వలసకు మొక్కలు తీసుకొనిపోతున్న ఓడ అది. మొక్కలకు పేర్లు లేవు, అంకెలు మాత్రమే ఉన్నాయి. జమైకాలో దించి నాటిన వాటిలో పదకొండో అంకె వేసిన మొక్క మామిడి. మిగిలిన అంకెలు కాలగర్భంలో కలిసిపోయినా ఈ ఒక్కటి మాత్రం పేరై నిలిచిపోయింది.

దీనికి ప్రతిగా మనవారు చేసిన పని చూడండి. సీతాఫలం అమెరికా ఉష్ణమండలపు చెట్టు. జమైకాలో దాన్ని ‘స్వీట్‌సాప్’ అంటారు. దాని సోదరులే రామాఫలమూ, లక్ష్మణఫలమూ. లక్ష్మణఫలం అక్కడ ‘సోర్‌సాప్’. దాని గుజ్జు పిసికి, పాలు కలిపి చేసిన పానీయం నేను తాగాను. పులుపు, తీపి, ఏదో పూల వాసన కలగలిసిన రుచి. సముద్రాలు దాటి వచ్చిన ఈ పరాయి పండ్లను మనం రామాయణంలోకి దత్తత తీసుకొన్నాము. జామ, అనాస, సపోటా కూడా ఆ పడమటి ఖండం నుంచి వచ్చినవే. కొలంబస్ 1493లో తన రెండవ యాత్రలో గ్వాడెలూప్ దీవిలో అనాసను చూశాడు. తరువాతి శతాబ్దంలో పోర్చుగీసువారు దాన్ని మన తీరానికి చేర్చారు. ఒకచోట అంకె వేశారు, మరొకచోట దేవుడి పేరు పెట్టారు. రెండూ వలస వచ్చిన చెట్లే.

ఇక సీమపనస చరిత్ర వింటే తిన్న ముద్ద గొంతులో ఆగుతుంది. మన పనసకు దగ్గరి చుట్టమయిన ఈ కాయను బొగ్గులమీద పెట్టి, తొక్క నల్లగా మాడేదాకా కాలుస్తారు. లోపలి గుజ్జు బంగాళాదుంపకూ అప్పుడే కాల్చిన రొట్టెకూ నడిమిగా ఉంటుంది. దీన్ని పసిఫిక్ సముద్రంలోని తాహితి దీవి నుంచి తెప్పించినది రుచి కోసం కాదు. అమెరికా స్వాతంత్ర్యయుద్ధం వల్ల ఉత్తర అమెరికా నుంచి తిండిగింజల రాక దెబ్బతిన్నది. దానికితోడు తుపానులు, కరువు. 1780 నుంచి 1787 వరకు జమైకాలో సుమారు 15 వేలమంది బానిసలు ఆకలితోనూ, ఆకలి తెచ్చిన రోగాలతోనూ మరణించారని ఆ దీవి శాసనసభే లెక్కకట్టింది. చెరకుతోట యజమానులకు కావలసినది చవక తిండి. అందుకోసమే విలియం బ్లై 1787 చివర ‘బౌంటీ’ ఓడ మీద బయలుదేరాడు. ఆ ఓడలో అన్నిటికన్నా విశాలమయిన గదిని మొక్కల కోసం కేటాయించారు. గాలి ఆడడానికి ఏర్పాట్లు చేశారు. కుండీల నుంచి కారిన నీరు వృథా పోకుండా నేలకు సీసపు రేకు పరిచారు. అదే కాలంలో, అదే సామ్రాజ్యపు జెండా కింద, ఆఫ్రికా నుంచి మనుషులను గాలి చొరని ఓడ అడుగున గొలుసులతో కట్టి తెస్తున్నారు. మొక్కకు దక్కిన ఆదరణ మనిషికి దక్కలేదు.

1789 ఏప్రిల్ 28న నావికులు తిరుగుబాటు చేసి, బ్లైని 18 మందితో ఒక చిన్న పడవలోకి దించి, వెయ్యికి పైగా ఉన్న ఆ మొక్కలను సముద్రం పాలుచేశారు. బ్లై ప్రాణాలతో బయటపడి, ‘ప్రావిడెన్స్’ అనే మరొక ఓడలో మళ్ళీ తాహితి వెళ్ళి, 1793 జనవరిలో సెయింట్ విన్సెంటుకూ, ఫిబ్రవరిలో జమైకాకూ మొక్కలు చేర్చాడు. ఇంత చేసి తెస్తే, ఎవరికోసం తెచ్చారో వారు దాన్ని ముట్టలేదు. తమకు అలవాటయిన అరటినీ పెండలాన్నీ వదిలి ఈ కొత్త కాయను తినడానికి ఒప్పుకోలేదు. కొన్ని దశాబ్దాల తరువాతగాని అది వారి వంటింట్లోకి రాలేదు. ఏమీ తమ చేతిలో లేని మనుషులకు ఇష్టాయిష్టాలు మాత్రం మిగిలి ఉన్నాయన్నమాట!

ఎవరూ దండయాత్రలు చేసి తేకపోయినా ఆ దేశపు జాతీయఫలమై కూర్చున్నది ఆకీ. పశ్చిమ ఆఫ్రికా చెట్టు. బానిస ఓడల దారినే 1778 నాటికి జమైకా చేరింది. విచిత్రమేమంటే 1806లో శాస్త్రజ్ఞులు దానికి బ్లై పేరుమీదుగా ‘బ్లైయా’ అని నామకరణం చేశారు. మన కుంకుడు కుటుంబానికి చెందిన చెట్టు ఇది. కాయ ఎర్రబడి తనంతట తాను పగిలి, మూడు నల్లటి గింజలు బయటపడేదాకా కోయకూడదు. పచ్చికాయలో ఉన్న విషం రక్తంలోని చక్కెరను పడగొట్టి ప్రాణం తీస్తుంది. ఆ భయంతోనే 1973లో అమెరికా దాని దిగుమతిని నిషేధించి, 2000లో కొన్ని షరతులతో సడలించింది. గింజ తీసేసి, పసుపుపచ్చని కండను ఉడకబెట్టి, ఉప్పుచేపతో, ఉల్లిపాయతో, మిరపతో వేయిస్తారు. చూడడానికి అచ్చం గుడ్డు పొరటు. రుచి వెన్నలాగా మెత్తన. ఆ ఉప్పుచేప కూడా ఒకప్పుడు ఉత్తర అట్లాంటిక్ తీరం నుంచి బానిసల కోసం తెచ్చిన నాసిరకం సరుకే. బలవంతాన వచ్చిన రెండు వస్తువులను కలిపి ఆ ప్రజలు తమ జాతీయ వంటకాన్ని చేసుకొన్నారు.

1838 ఆగస్టు 1న బానిసలకు పూర్తి విముక్తి లభించింది. తోటలకు మళ్ళీ పనివారు కావలసివచ్చారు. 1845 మే 10న మనదేశం నుంచి మొదటి ఓడ జమైకాలోని ఓల్డ్ హార్బర్ రేవు చేరింది. తరువాతి డెబ్బయి ఏళ్ళలో సుమారు 36 వేలమంది ఆ దీవికి వెళ్ళారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్ళినవారే. కాని కరీబియన్ వలసలకు మద్రాసు రేవు నుంచి ఓడలెక్కిన వారిలో తమిళులతోబాటు తెలుగువారూ ఉన్నారు. అక్కడ అందరూ ‘మద్రాసీలే’. ఒప్పందం మీద సంతకమో వేలిముద్రో పడ్డాక, అనుమతి చీటీ లేకుండా తోట దాటితే శిక్ష. ఓడ చిట్టాలో వారికీ అంకెలే, మామిడి మొక్కకు వేసినట్టు.

ఆ దీవిలోనే ఒక ఊరిబయట ముళ్ళకంపలాంటి చెట్టు కనిపించింది. కాయల కాలం కాదు. అయినా ఆకు చూడగానే పోల్చుకొన్నాను: రేగుచెట్టు. పేరు అడిగితే, చెప్పినాయన కొంచెం తటపటాయించి, ‘కూలీ ప్లమ్’ అన్నాడు. తటపటాయింపుకు కారణం ఉన్నది. కూలి అంటే మన భాషలో కష్టానికి వచ్చే ప్రతిఫలం. అక్కడ అది మనవారిని తిట్టడానికి వాడిన మాట. ట్రినిడాడులోనూ గయానాలోనూ ఈ కాయకే ‘డంక్స్’ అన్న వేరే పేరున్నది. జమైకాలో మాత్రం ఆ పాత తిట్టు చెట్టుకు అంటుకొని ఉండిపోయింది.

మన ఇళ్ళలో భోగినాడు పిల్లల తలమీద దిష్టి తీయడానికి పోసే పండ్లు అవి. వాటిని భోగిపళ్ళు అంటాము. ఆ సముద్రం దాటిన తల్లులలో ఎవరయినా, చెరకు నరికి వచ్చిన ఒక సాయంత్రం, తమ బిడ్డ తలమీద గుప్పెడు రేగుపళ్ళు పోసి ఉంటారా? ఏ చిట్టాలోనూ అటువంటి సంగతులు వ్రాయరు. చెట్టు మాత్రం అక్కడ ఉన్నది.