రామానుజన్‌కి దుప్పటి కప్పుకోవడం రాదా?



"లెక్కల్లో ఫస్టు, లోకజ్ఞానం మాత్రం సున్నా." ఈ మాట వినని ఇల్లు ఉండదు. బీటెక్ చదివినోడికి గ్యాస్ రెగ్యులేటర్ బిగించడం రాకపోతే చాలు, "ఏం చదివావురా" అనేస్తారు. దీనికి అందరూ చెప్పే పెద్ద ఉదాహరణ శ్రీనివాస రామానుజన్.

ఆయన 1914 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లో దిగారు. అప్పట్లో కేంబ్రిడ్జ్‌లోనే చదువుతున్న ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఒకరోజు ఆయన గదికి వెళ్లి, రాత్రిళ్లు వెచ్చగా ఉంటోందా అని అడిగారు. లేదు, ఓవర్‌కోటు వేసుకుని శాలువా చుట్టుకుని పడుకుంటున్నా అన్నారు రామానుజన్. తీరా మంచం చూస్తే, దుప్పట్లు బోలెడు! కాకపోతే అన్నీ పరుపు కిందకి గట్టిగా దోపేసి, పైన కవర్ పరిచి ఉన్నాయి. వాటిని లాగి లోపల దూరాలని ఆయనకి తెలీదు. ఆ కవర్ కిందే పడుకుంటున్నారు.

"అంత మేధావికి ఇది కూడా తెలీదా" అని నవ్వేస్తాం. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. మన ఇళ్లల్లో దుప్పటి మడతపెట్టి పక్కన ఉంటుంది, తీసి కప్పుకుంటాం. ఇంగ్లండ్ మంచం ఎలా వాడాలో ఆయనకి ఎవరు చెప్పారు?

మరి తెలిసిన చోట ఆయన ఎలా ఉన్నారో చూద్దాం. మద్రాసులో కాగితం కొనే స్తోమత లేదు. అందుకే లెక్కంతా పలక మీద చేసి, మోచేత్తో చెరిపేసి, తేలిన ఫలితం మాత్రమే నోట్‌బుక్‌లో రాసుకునేవారు. 1910లో మన నెల్లూరు కలెక్టర్ రామచంద్రరావు గారిని కలిశారు. ఆయన కొన్నాళ్లు ఖర్చులకి డబ్బిచ్చారు. కానీ ఎక్కువకాలం ఒకరికి భారం కావడం ఇష్టంలేక, రామానుజన్ 1912లో మద్రాస్ పోర్ట్ ట్రస్ట్‌లో నెలకి 30 రూపాయల గుమాస్తా పనిలో చేరారు.

1919 జనవరిలో మద్రాస్ యూనివర్సిటీ ఏడాదికి 250 పౌండ్లు ఇస్తామంటే, ఆయన రాసిన జవాబు చూడండి. అమ్మానాన్నలకి 50 పౌండ్లు. తన ఖర్చులు పోగా మిగిలింది పేద పిల్లల, అనాథల చదువుకి. జబ్బుతో ఉన్న మనిషి వేసిన బడ్జెట్ అది!

అలాగని అన్నింట్లో పర్ఫెక్ట్ అని చెప్పట్లేదు. లెక్కలు తప్ప వేరే సబ్జెక్టు ముట్టుకోక ఎఫ్.ఏ. తప్పారు, స్కాలర్‌షిప్ పోయింది, చేతిలో డిగ్రీ లేక ఏళ్ల తరబడి తిప్పలు పడ్డారు. అది దుప్పటి కంటే చాలా పెద్ద నష్టం. కానీ అది తెలివి లేక కాదు, ఇష్టం ఒక్కదాని మీదే ఉండి.

చూడనిది తెలియకపోవడం వేరు, బుర్ర లేకపోవడం వేరు. ఈ రెండూ కలిపేసి "లోకజ్ఞానం లేదు" అని ముద్ర వేస్తే, ఆ మనిషి ఇంకోసారి అడగడు. చలిలోనే పడుకుంటాడు. మహలనోబిస్ చేసింది చిన్న పనే: అడిగారు, దుప్పటి ఎలా తీయాలో చేసి చూపించారు.

మీ హాస్టల్ రూమ్‌లో కూడా అలాంటోడు ఒకడు ఉండే ఉంటాడు. ఈరోజు వాడికి ఏం నేర్పిస్తారో కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.