చెల్లుకు చెల్లు

"చెల్లుకు చెల్లు" అన్న నుడికారాన్ని ఈనాడు మనం తగవులు తీరిన సందర్భంలో ఎక్కువగా వాడుతున్నాము గాని, ఆ మాటకు పద్దుల పుస్తకపు వాసన ఇంకా పోలేదు. నేను మీకు వంద రూపాయలు బాకీ. మీరు నాకు ఎనభై బాకీ. ఎనభైకి ఎనభై చెల్లు, ఇరవై మాత్రమే చేతులు మారుతుంది. నెట్టింగ్ అన్న పేరుతో ఆర్థికవేత్తలు ఉద్గ్రంథాలు వ్రాసిన వ్యవహారానికి మూలం ఇంతే. అయితే లెక్క చూచుకొనే వేళకు మీరు దివాలా తీశారనుకోండి. నా వంద మీ ఋణదాతల ఉమ్మడి సొత్తులోకి పోతుంది; నాకు రావలసిన ఎనభై కోసం నేను ఆ ఋణదాతల వరుసలోనే నిలబడాలి. దివాలా తరువాత కూడా చెల్లు వేసుకొనే హక్కు నిలుస్తుందా అన్నది లెక్కల మాస్టారు చెప్పగలిగింది కాదు, చట్టం చెప్పవలసింది.

ఈ చెల్లు పద్ధతి ఒక సంస్థగా రూపు దిద్దుకొన్న కథ లండనులో జరిగింది. 18వ శతాబ్దంలో అక్కడి బ్యాంకుల గుమాస్తాలు ప్రతిదినమూ చెక్కులు పట్టుకొని ఒక్కొక్క బ్యాంకు గడపా ఎక్కి సొమ్ము వసూలు చేసుకొని వచ్చేవారు. తిరిగి తిరిగి విసిగిన వారు లంబార్డు వీధి ప్రాంతంలో ఒకచోట కలుసుకొని చెక్కులు మార్చుకోవడం మొదలుపెట్టారు. యజమానుల ఆజ్ఞకంటె గుమాస్తాల కాళ్ళనొప్పులే ఇందుకు కారణమని చెబుతారు. నాకీ వివరమంటే ఎంతో ఇష్టం. లోకంలో చాలా సంస్కరణలకు మూలం ఇటువంటిదే. 1770వ దశకంలో ఒక గదిని అద్దెకు తీసుకొన్నారు.

గణనయంత్రాల ఆదిపురుషుడుగా మనమెరిగిన ఛార్లెస్ బాబేజి, 1832లో వెలువరించిన గ్రంథంలో ఈ గదిని కళ్ళకు కట్టినట్టు వర్ణించాడు. సుమారు ముప్పైమంది గుమాస్తాలు అక్షరక్రమంలో బల్లలముందు కూర్చుంటారు. ప్రతివాని పక్కనా ఒక పెట్టె, తలపైన గోడమీద వాని బ్యాంకు పేరు. తక్కిన బ్యాంకులవారు వచ్చి ఆ బ్యాంకుపై వ్రాసిన చెక్కులను ఆ పెట్టెలో వేసిపోతారు. సగటున దినానికి 25 లక్షల పౌన్ల వ్యవహారం, సుమారు 2 లక్షల పౌన్ల నోట్లతోనూ 20 పౌన్ల నాణేలతోనూ తీరిపోయేదట! మనం నేటికీ చెక్కును "క్రాసు" చేస్తున్నామే, అది కూడా ఏ బ్యాంకు ద్వారా చెల్లు కావాలో ఆ పేరును అడ్డంగా వ్రాసే ఆనాటి అలవాటుకు సంతానమే.

అయితే చెల్లు వేయడంవల్ల తగ్గేది ఇవ్వవలసిన మొత్తమే. ఇచ్చేవాడు పడిపోయే భయం తగ్గదు. ముప్పైమందిలో ఒక్కడు ఇవ్వలేనంటే అందరి పద్దులూ మళ్ళీ విప్పి చూడవలసిందే.

ఈ భయం ఎంతటిదో 1974 జూన్ 26న లోకానికి తెలిసివచ్చింది. జర్మనీలోని కొలోన్ నగరపు హెర్‌స్టాట్ బ్యాంకును ఆనాటి సాయంత్రం ప్రభుత్వం మూయించింది. కొలోన్‌లో సాయంత్రమంటే న్యూయార్కులో ఇంకా ఉదయమే. ఆ బ్యాంకుకు మార్కులు ముందే చెల్లించి, బదులుగా న్యూయార్కులో డాలర్ల కోసం ఎదురు చూస్తున్నవారి చేతులు ఖాళీగా మిగిలాయి. మోసగించినది ఒకవిధంగా సూర్యుడే. రెండు పక్షాల సొమ్మూ ఏకకాలంలో మారేట్టు చూచే సి.ఎల్.ఎస్. బ్యాంకు పనిచేయడానికి 2002 సెప్టెంబరు దాకా, అంటే 28 ఏళ్ళు, ఆగవలసివచ్చింది.

మరొక మార్గం, మధ్యవర్తి తానే పూచీ పడడం. బేరం కుదరగానే అమ్మేవానికి తాను కొనుగోలుదారుగా, కొనేవానికి తాను అమ్మకందారుగా నిలబడతాడు. ఇక ఎదుటి పక్షం ఎవరైనా చింత లేదు. మన ధర్మశాస్త్రాలలో పూచీదారును ప్రతిభువు అన్నారు. యాజ్ఞవల్క్యుడు మూడు విధాల ప్రతిభువులను చెప్పాడు: ఋణస్థుని వేళకు తెచ్చి నిలబెట్టేవాడు దర్శన ప్రతిభువు, నమ్మదగినవాడని మాట ఇచ్చేవాడు ప్రత్యయ ప్రతిభువు, వాడివ్వకుంటే తానే ఇచ్చేవాడు దాన ప్రతిభువు. మూడవవాని బాధ్యత కొడుకులకు కూడా సంక్రమిస్తుంది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను 13వ శతాబ్దిలోనే కేతన తెనిగించాడు గనుక ఈ విచారణ తెలుగువానికి కొత్తది కాదు. నేటి క్లియరింగ్ సంస్థ అచ్చమైన దాన ప్రతిభువు.

మరి ఆ ప్రతిభువుకే తాహతు లేకుంటే? 1987 అక్టోబరులో హాంకాంగ్‌లో జరిగినది అదే. విపణి నాలుగు దినాలు మూతపడి 26న తెరచుకోగా, సూచీ ఒక్కరోజులో 33 శాతం పడింది. సూచీపై ముందస్తు బేరాలు చేసినవారు చేతులెత్తేశారు. వాటికి పూచీపడిన సంస్థ మూలధనం కోటీ 50 లక్షల హాంకాంగ్ డాలర్లు మాత్రమే! పైగా బేరాలను కనిపెట్టి ఉండేది ఒక సంస్థ, నష్టం భరించేది వేరొకటి. చూచేవాడొకడు, మోసేవాడు మరొకడు. ప్రభుత్వమూ బ్యాంకులూ కలిసి 200 కోట్ల హాంకాంగ్ డాలర్ల అప్పు ఏర్పాటు చేస్తే తప్ప విపణి తిరిగి తెరిచే వీలు లేకపోయింది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ 2008 సెప్టెంబరు నాటిది. లేమన్ బ్రదర్స్ కూలినప్పుడు లండనులోని ఎల్.సి.హెచ్. సంస్థ వద్ద దానికున్న వడ్డీరేట్ల ఒప్పందాల ముఖవిలువ 9 లక్షల కోట్ల డాలర్లు. లేమన్ ముందుగా కట్టి ఉంచిన జామీను సొమ్ములో కొంతభాగంతోనే అంతా తీరిపోయింది, ఇతర సభ్యులపై పైసా పడలేదు. మరుసటి సంవత్సరమే పిట్స్‌బర్గులో జి-20 దేశాలు ఇటువంటి ఒప్పందాలను క్లియరింగ్ సంస్థల ద్వారానే నడపాలని తీర్మానించాయి. మన దేశం ఇందులో వెనుకబడలేదు. ముంబయిలో భారతీయ క్లియరింగ్ కార్పొరేషన్ 2002 ఫిబ్రవరిలోనే ప్రభుత్వ ఋణపత్రాల బేరాలకు పూచీ ఇవ్వనారంభించింది. ఇద్దరి మధ్యనే జరిగే ఒప్పందాలలో, దివాలా తరువాత కూడా చెల్లు వేసుకొనే హక్కును స్పష్టంగా ఇచ్చిన చట్టం మాత్రం 2020లో గాని రాలేదు.

లేమన్ ఉదాహరణ చూచి ధైర్యపడినవారిని 2018 సెప్టెంబరు మళ్ళీ ఉలిక్కిపడేట్టు చేసింది. స్వీడన్‌లోని నాస్‌డాక్ క్లియరింగ్ వద్ద, విద్యుత్తు ధరలపై పందెం వేసిన ఒకే ఒక్క నార్వే వర్తకుడు పడిపోయాడు. అతడు కట్టిన జామీను చాలలేదు. మిగిలిన నష్టం 11 కోట్ల 40 లక్షల యూరోలలో సంస్థ స్వంత సొమ్ము పోగా, 10 కోట్ల 70 లక్షలు ఇతర సభ్యుల ఉమ్మడి నిధినుండి పోయింది. ఆ సభ్యులలో అతనితో ఎన్నడూ బేరమాడనివారు కూడా, తరిగిన నిధిని తిరిగి నింపడానికి సంచి విప్పవలసివచ్చింది.