బాపు అన్‌ఫిట్ కావాలి

"డాక్టరు పిలిస్తే ఒక్కసారికే పలుకకు బాపూ. రెండోసారి పిలిచినంక సూడు."

బండి మంచిర్యాల దాటాక కొడుకు మెల్లగా అన్నాడు. తండ్రి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు, తల తిప్పలేదు. నిజంగానే వినపడలేదో, అప్పుడే సాధన మొదలుపెట్టాడో ఎదురు సీట్లో ఉన్న తల్లికి అర్థం కాలేదు.

2019 వానాకాలం. బెల్లంపల్లిలో సింగరేణి ప్యాసింజర్ ఎక్కి ముగ్గురూ కొత్తగూడెం పోతున్నారు. మర్నాడు అక్కడి సింగరేణి బొగ్గు కంపెనీ ప్రధాన ఆసుపత్రిలో మెడికల్ బోర్డు. తండ్రికి 57 దాటాయి. రిటైర్మెంటుకు రెండేళ్లు మిగిలి ఉండగానే బోర్డు ఆయన్ని పనికి పనికిరాడని తేల్చాలి. అలా తేలిస్తేనే కారుణ్య నియామకం కింద కొడుక్కి ఉద్యోగం. ఆ గడువుకు ఇక కొన్ని నెలలే ఉన్నాయి. కొడుక్కి 29 ఏళ్లు. మెకానికల్‌లో బీటెక్ చేసి, హైదరాబాద్‌లో మూడు కంపెనీలు మారి, తిరిగి ఇంటికొచ్చాడు.

వీళ్ల పేర్లు రాయడం లేదు. ఇది ఏదో ఒక్క ఇంటి కథ కూడా కాదు. 2018 నుంచి కొత్తగూడెం బండెక్కిన అనేక కుటుంబాల అనుభవాన్ని ఒక్క ఇంటిదిగా కూర్చి రాస్తున్నాను. ఊళ్లు, లెక్కలు, నిబంధనలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

తాత కరీంనగర్ పల్లె నుంచి వచ్చాడు. ఎకరన్నర చెల్క, వానొస్తే పంట, లేకపోతే లేదు. బెల్లంపల్లిలో బొగ్గుబాయి దిగితే నెల తిరిగేసరికి పైసలు చేతిలో పడతాయని ఎవరో చెప్పారు. తట్ట, బొగ్గెత్తే చెమ్మస్ ఇచ్చి కోల్ ఫిల్లర్ పనిలో పెట్టారు. షాట్ పేల్చాక రాలిన బొగ్గును తట్టలకెత్తి టబ్బుల్లో నింపడం. టబ్బుల లెక్కన కూలి. 1984లో ఆయన పని ఈ తండ్రికి వచ్చింది. పల్లెలో పొలం పంచుకున్నట్టు బొగ్గుబాయి ప్రాంతంలో ఉద్యోగం పంచుకుంటారు. తేడా ఒక్కటే, పొలమైతే నలుగురు కొడుకులకు నాలుగు ముక్కలవుతుంది. ఉద్యోగం ఒక్కడికే. మిగిలిన ముగ్గురితో జీవితాంతం పంచాయితీ. ఈ ఇంట్లోనూ ఉంది. తండ్రితో ఆయన తమ్ముడు పదేళ్లు మాట్లాడలేదు.

కొడుకు పుట్టింది 1990లో. ఆ రోజుల్లో సింగరేణిలో దాదాపు లక్షా 16 వేల మంది కార్మికులు. ఏడాదికి తీసే బొగ్గు కోటీ 80 లక్షల టన్నులు కూడా లేదు. ఇవాళ పర్మినెంట్ కార్మికులు దాదాపు 40 వేలు, 2023-24లో తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులు. మనుషులు మూడోవంతుకు పడిపోయారు, బొగ్గు నాలుగింతలైంది. బొగ్గు అయిపోతే ఊళ్లు ఏమవుతాయని సెమినార్లలో అడుగుతుంటారు. బెల్లంపల్లికి ఆ ప్రశ్న పాతబడిపోయింది. అక్కడ భూమిలో ఇంకా బొగ్గు ఉండగానే ఊరికి జీతాలు అయిపోయాయి.

ఎలా అయిపోయాయంటే, చాలావరకు చప్పుడు లేకుండానే. ఏడాదికి వందల సమ్మెలు, పెరిగే నష్టాలు. 1992లో ఒకసారి, 1996లో ఇంకోసారి కంపెనీ ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప తొక్కింది. బయటపడటానికి దొరికిన దారి ఓపెన్‌కాస్ట్. భూమి లోపలికి మనిషిని దింపే బదులు భూమినే తెరిచి, పైమట్టి తొలగించి, భారీ యంత్రాలతో బొగ్గు తోడేయడం. ఇప్పుడు పదింట ఎనిమిది వంతులకు పైగా బొగ్గు అలా వచ్చేదే. కింద మిగిలిన బాయిల్లో తట్టా చెమ్మస్ పోయి బొగ్గెత్తి పోసే ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చాయి. ఎవర్నీ పెద్దగా తీసేయలేదు. రిటైరైనవాడి స్థానంలో ఇంకొకర్ని తీసుకోలేదు, అంతే. కొందరిని స్వచ్ఛంద విరమణ పేరుతో డబ్బిచ్చి పంపారు. వారసత్వ ఉద్యోగాలు ఆగిపోయాయి. బెల్లంపల్లి గనులు ఒక్కొక్కటే మూతపడ్డకొద్దీ మిగిలిన కార్మికులు శ్రీరాంపూర్‌కు, భూపాలపల్లికి బదిలీ మీద పోయారు. 2001 నుంచి 2011కి వచ్చేసరికి ఆ పట్నం జనాభా పది వేలకు పైగా తగ్గింది. 

గోదావరి వంతెన దాటగానే రామగుండం పొగగొట్టాలు కనిపించాయి. ఎన్‌టీపీసీ, 2,600 మెగావాట్లు. ఇన్నేళ్లలో బొగ్గు చుట్టూ కట్టినవన్నీ బొగ్గును కాల్చేవే: ఇక్కడ ఇది, జైపూర్‌లో సింగరేణి సొంతంగా కట్టుకున్న 1,200 మెగావాట్ల కేంద్రం. కరెంటు తీగల మీద హైదరాబాద్ పోతుంది. బీటెక్ చదివిన పిల్లలు బస్సెక్కి దాని వెనకే పోతారు.

ఆ పొగగొట్టాలు చూసి తండ్రి మొదటిసారి నోరు తెరిచాడు. "పదకొండుల మనం పని బంద్ జేత్తే ఈటికే దగ్గొచ్చింది."

2011లో తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె గురించి. సింగరేణి కార్మికులు 35 రోజులు బాయి దిగలేదు. థర్మల్ కేంద్రాల్లో నిల్వలు అడుగంటి రాష్ట్రమంతా కరెంటు కోతలు. నెల జీతం పోయినా ఆ రోజుల సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారుతుంది. తెలంగాణ వస్తే వారసత్వ ఉద్యోగాలు తిరిగి వస్తాయన్నారు. వచ్చింది, 2016 చివర ప్రకటన వచ్చింది. 2017లో హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వ ఉద్యోగం తండ్రి నుంచి కొడుక్కి ఎలా పోతుందని. రాజ్యాంగం చదివినవాళ్లెవరికైనా ఆ తీర్పు సబబుగానే తోస్తుంది. కానీ బెల్లంపల్లి బజార్లో నిలబడి చదివితే ఇంకోలా ఉంటుంది: ప్రైవేటు ఉద్యోగమంటే నెలకు పన్నెండు వేలు, దానిక్కూడా పోటీ. కోర్టు కాదన్నాక మిగిలిన దారి ఈ కారుణ్యం. ఉద్యోగం వారసత్వంగా ఇవ్వకూడదు గానీ, తండ్రి ఒళ్లు చెడిపోతే ఇవ్వొచ్చు.

కొత్తగూడెం ఆసుపత్రి వరండా.

ఏ ఆసుపత్రిలోనైనా ఏమీ లేదు, పోయి రమ్మంటే దండం పెట్టి పోతారు. ఇక్కడ అంతా తలకిందులు. ముందు లోపలికి పోయిన మనిషి బయటకొచ్చి భార్య వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "బాగనే ఉన్నవట," అంది ఆమె, ఏడుపు గొంతుతో. బీపీ, షుగర్, కళ్లు, చెవులు, ఎక్స్‌రే. ఎవరికి వాళ్లు రిపోర్టులు ఒళ్లో పెట్టుకుని, పక్కవాడి జబ్బు తమ జబ్బు కంటే పెద్దదేమోనని ఓరకంట చూస్తున్నారు. ఫలానా మనిషిని పట్టుకుంటే ఇంతకు పనవుతుందనే గుసగుస అక్కడ వినపడని రోజు లేదు. అడుక్కునేవాడి దగ్గర కూడా కమీషన్ తీసుకునేవాళ్లుంటారు.

తండ్రిని పిలిచారు.

"ఎన్నేళ్ల సర్వీసు?"

పలకలేదు. డాక్టరు మళ్లీ అడిగాడు.

"ముప్ఫై అయిదు సార్."

"అండర్‌గ్రౌండేనా అంతా?"

"అంత కిందనే సార్. ఒక్క నాగా లే..." సగంలో ఆగిపోయాడు. బాయిలో ఎవరితోనైనా గొప్పగా చెప్పుకునే మాట ఈ గదిలో చెప్పకూడదని గుర్తొచ్చినట్టుంది.

చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి శబ్దాలు వినిపించారు. వినపడినప్పుడల్లా మీట నొక్కాలి. వినపడ్డా కొన్నింటికి నొక్కొద్దని కొడుకు రాత్రంతా నేర్పాడు. కుడి చెవికి రెండు మూడింటికి నొక్కాడు. ఎడమ చెవి వంతు వచ్చింది. శబ్దం ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూస్తున్నాడు. పరీక్ష చేసేవాడు హెడ్‌ఫోన్ తీసేసి కాగితం మీద రాసుకుంటుంటే, "ఇంక ఎడమది పెట్టలేదు గద సార్?" అని అడిగాడు.

అయిపోయింది, పొమ్మన్నాడతను.

కొన్ని వారాలకు కబురొచ్చింది. అన్‌ఫిట్. తల్లి కొబ్బరికాయ కొట్టింది. వాడలో మిఠాయి పంచారు. సాయంత్రం తోటి కార్మికులు వచ్చి తండ్రిని కౌగలించుకుని, "గెలిచినవ్ కాక," అన్నారు. నవ్వుతూనే ఆయన ఎడమ చెవి దగ్గర ఒకటికి రెండుసార్లు చిటికె వేసి చూసుకున్నాడు.

కొడుకు శ్రీరాంపూర్ ఏరియాలో ఒక భూగర్భ గనిలో బదిలీ వర్కర్‌గా, అంటే పనికి రానివాళ్ల స్థానంలో దిగేవాడిగా చేరాడు. ఏడాదిలో కింద 190 మస్టర్లు, అంటే హాజర్లు, పడితేనే జనరల్ మజ్దూర్ అవుతాడు. బీటెక్ సర్టిఫికెట్ ఇంట్లో బీరువాలో ఉంది. అయినా ఫిర్యాదు లేదు అతనికి. అదే గని గేటు ముందు, అదే వయసు మేనబావ కాంట్రాక్టు కార్మికుడు. జీతం సగం కూడా ఉండదు. కంపెనీలో అలాంటివాళ్లు పాతిక వేల దాకా ఉన్నారు. 2024 దసరాకు లాభాల్లో 33 శాతం వాటా కింద 796 కోట్లు పంచారు, పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా 90 వేలు. కాంట్రాక్టు కార్మికులకు తొలిసారిగా ఇచ్చిన బోనస్ 5 వేలు. ఆ దసరా రోజు ఇద్దరూ ఒకే ఇంట్లో భోంచేశారు. పైసల మాట ఎవరూ ఎత్తలేదట. పండగపూట మంచిర్యాల, గోదావరిఖని బంగారం దుకాణాల్లో కిటకిటలాడేది ఆ లక్షా 90 వేలే. ఈ ప్రాంతానికి బొగ్గు కంటే ఆ జీతమే అసలు ఖనిజం. అది ఎన్ని చేతుల్లో పడుతుందన్నదాన్ని బట్టే బజారు నడుస్తుంది.

రిటైర్మెంటు వయసు 2021లో 61 చేశారు. ఆ లెక్కన ఇతని సర్వీసు 2051 దాకా. గని అప్పటిదాకా ఉంటుందా? పాత గనులు మూతపడుతుంటే కొత్తవి రావాలి. 2015 చట్టం తర్వాత బొగ్గు బ్లాకులకు వేలం దారి. సింగరేణి మాత్రం తన ప్రాంతంలోవి తనకే ఇవ్వాలని అడుగుతూ వచ్చింది. కోయగూడెం, సత్తుపల్లి బ్లాకులు వేలంలో ప్రైవేటు సంస్థలకు పోయాయి. మంచిర్యాల జిల్లా శ్రావణపల్లి కూడా వేలం జాబితాకెక్కింది. ఒడిశాలోని నైని బ్లాకు 2015లో దక్కితే బొగ్గు తీయడం మొదలయ్యేసరికి 2025 వచ్చింది. ఆ బొగ్గు సింగరేణిదే, కానీ దాన్ని తవ్వే కూలి ఖర్చయ్యే బజారు అంగుల్ జిల్లాలో ఉంది. సోలార్ ప్లాంట్లు కూడా పెడుతున్నారు. పలకలు పరిచాక వాటి దగ్గర పనిచేసేవాళ్లు ఎందరో ఎవరైనా పోయి చూడొచ్చు. విద్యుత్ సంస్థల నుంచి కంపెనీకి రావాల్సిన బకాయిలు వేల కోట్లు. ఉన్న లాభంలో కొంత కాగితం మీదే ఉంటుందని యూనియన్లు చెప్పేది అందుకే.

ఇవన్నీ కొడుక్కి తెలుసు. జీతం చీటీ చూపిస్తే బ్యాంకు ఇరవై ఏళ్ల గడువుకు అప్పిచ్చింది. మంచిర్యాల శివారులో ప్లాట్ చూశాడు. బెల్లంపల్లి ఇంటిమీద ఇంకో అంతస్తు వేద్దామని తండ్రి పట్టు.

"ఈడ ఎవరు కొంటరు బాపూ రేపు? కిరాయికన్న ఎవరొస్తరు?"

కుడి చెవి వైపు కూర్చుని కొంచెం గట్టిగానే అడిగాడు. తండ్రి చాలాసేపటికి, మనవడు ఆడుకుంటున్న వాకిలి వైపు చూసి, "మరి వీనికి నౌకరెట్ల?" అన్నాడు.

"వీడు ఈడ ఉండడు."

ప్లాట్ రిజిస్ట్రేషన్ ఆ వారంలోనే అయింది. సాక్షి సంతకం మేనబావది.