జంట బ్యాటరీ ఛార్జింగ్ వ్యవస్థ (చిన్న మోటారు పడవలు)

ఒకే ఇంజనుకు అమర్చిన ఒకే ఆల్టర్నేటరుతో రెండు బ్యాటరీలకు ఛార్జింగ్ ఎక్కించి, ఇంజను ఆగాక ఆ రెండింటినీ విడదీసే ఏర్పాటును జంట బ్యాటరీ ఛార్జింగ్ వ్యవస్థ అంటారు. వీటిలో మొదటిది ఇంజను స్టార్టు చేయడానికే కేటాయించినది. ‘హౌస్ బ్యాటరీ’ అని పిలిచే రెండోది దీపాలకు, రేడియోకు, చేపల జాడ చూపే సోనార్‌కు కరెంటు ఇస్తుంది. ఇంజను ఆపుకొని గంటల తరబడి గాలం వేసినా, ఒడ్డుకు తిరిగి రావడానికి స్టార్టింగ్ బ్యాటరీ నిండుగా మిగులుతుంది. ఈ రెండింటినీ ఎప్పుడు కలపాలి, ఎప్పుడు విడదీయాలి అన్న పని పడవ నడిపేవారి చేతినుంచి క్రమంగా పరికరానికి మారడమే ఈ వ్యవస్థ చరిత్రలో ముఖ్యాంశం.

తొలి దశ

ఫ్రాన్సుకు చెందిన గాస్టన్ ప్లాంటే 1859లో సీసం-ఆమ్లం బ్యాటరీని రూపొందించాడు. 1881లో గుస్తావ్ త్రూవే పారిస్‌లో సీన్ నది మీద విద్యుత్ పడవ నడిపాడు. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో విద్యుత్ పడవలు సందర్శకులను తిప్పాయి. ఈ పడవలను నడిపించిందే బ్యాటరీ కనుక, ఇంజనుతో దానికి ఛార్జింగ్ ఎక్కించాలన్న ప్రశ్న అప్పటికి లేదు.

1909లో ఓలే ఎవిన్‌రూడ్ మిల్వాకీలో అమ్మకానికి తెచ్చిన ఔట్‌బోర్డ్ మోటారును చేత్తో తిప్పి స్టార్టు చేసేవారు. తర్వాతి నమూనాల్లో నిప్పురవ్వ మాగ్నెటో (తిరిగే అయస్కాంతంతో కరెంటు పుట్టించే పరికరం) నుంచి వచ్చేది కాబట్టి వాటికి బ్యాటరీతో పని లేకపోయింది. 1912 కాడిలాక్ కారుతో చార్లెస్ కెటరింగ్ విద్యుత్ స్టార్టరు వాడుకలోకి వచ్చినా, చిన్న పడవల్లో అది మామూలు కావడానికి రెండో ప్రపంచ యుద్ధం ముగిసేదాకా ఆగవలసి వచ్చింది.

రెండో బ్యాటరీ అవసరం (1934–1961)

అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రం ఫార్గోలో 1934లో ఓ.జి. ష్మిట్ విద్యుత్ ట్రోలింగ్ మోటారు తయారుచేశాడు. చప్పుడు లేకుండా చేపల దగ్గరికి పడవను జరిపే ఈ చిన్న మోటారు ‘మిన్ కోటా’ పేరుతో ప్రసిద్ధి చెందింది. 1948లో జపాన్‌లో ఫురునో సోదరులు చేపల జాడ తీసే సోనార్‌ను వాడుకకు తెచ్చారు. 1959లో లోరెన్స్ సంస్థ ట్రాన్సిస్టర్లతో పనిచేసే చిన్న సోనార్ పెట్టెను సరదాగా చేపలు పట్టేవారి చేతికి అందించింది. ఆకుపచ్చ రంగు వేసిన ఆ పెట్టె అమెరికా సరస్సుల మీద ఎంతో ఆదరణ పొందింది. ఇంజను ఆగి ఉన్నప్పుడూ కరెంటు వాడే ఇలాంటి పరికరాలకు రెండో బ్యాటరీ అవసరమైంది.

అదే ఏడాది వోల్వో పెంటా ‘ఆక్వామాటిక్’, 1961లో ‘మెర్‌క్రూజర్’ స్టెర్న్‌డ్రైవులు (ఇంజను పడవ లోపల, ప్రొపెల్లరు భాగం వెనుక బయట ఉండేవి) వచ్చాయి. వీటితో కారు ఇంజను తరహా విద్యుత్ వ్యవస్థ చిన్న పడవల్లోకీ ప్రవేశించింది. క్రైస్లర్ 1960 నాటి వాలియంట్ కారుకు సిలికాన్ డయోడ్ల ఆల్టర్నేటరు బిగించింది. పాత డైనమోలతో పోలిస్తే ఇది ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడూ ఎక్కువ కరెంటు ఇస్తుంది. ఒక ఇంజనుతో రెండు బ్యాటరీలను నింపడం దీనితో సులువైంది.

స్విచ్, డయోడ్

మొదట విస్తృతంగా వాడింది నాలుగు స్థానాల తిప్పుడు స్విచ్: ‘ఆఫ్’, ‘1’, ‘2’, ‘రెండూ’. ధర తక్కువ, నిర్మాణం గట్టిది. అయితే దాని పనితీరు పూర్తిగా మనిషి జ్ఞాపకం మీద ఆధారపడింది. ఇంజను ఆపాక స్విచ్ ‘రెండూ’ దగ్గరే ఉండిపోతే రెండు బ్యాటరీలూ కలిసి డౌన్ అవుతాయి. ఇంజను తిరుగుతుండగా ‘ఆఫ్’కు తిప్పితే ఆల్టర్నేటరులోని డయోడ్లు కాలిపోవచ్చు.

తర్వాత వచ్చిన డయోడ్ ఐసొలేటరు మనిషి ప్రమేయం లేకుండా కరెంటును ఒక్క దిశలోనే పోనిస్తుంది. కానీ మామూలు సిలికాన్ డయోడ్ దాటేసరికి సుమారు 0.7 వోల్టులు తగ్గుతాయి. 14.4 వోల్టులు అందవలసిన బ్యాటరీకి 13.7 మాత్రమే అందితే అది ఎన్నడూ పూర్తిగా నిండదు, ప్లేట్ల మీద సల్ఫేటు పేరుకుంటుంది.

వోల్టేజిని గమనించే రిలే

బ్రిటన్‌లో కారవాన్‌లలోనూ పడవల్లోనూ ఇంజనుతోపాటు ఆన్ అయి రెండు బ్యాటరీలను కలిపే రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు) వాడారు. అవి ఇంజను తాళం చెవికి కలిపి ఉంటే, స్టార్టు చేసేటప్పుడు కూడా రెండు బ్యాటరీలూ కలిసే ఉండేవి. వోల్టేజిని గమనించి తనంతట తాను కలిపి విడదీసే రిలే ఈ లోపాన్ని చక్కగా తీర్చింది.

అమెరికాలోని బెల్లింగ్‌హామ్‌కు చెందిన బ్లూ సీ సిస్టమ్స్ రిలే ఇందుకు మంచి ఉదాహరణ. బ్యాటరీ వోల్టేజి 13.6 వద్ద 30 సెకన్లు, లేదా 13.0 వద్ద 2 నిమిషాలు నిలిస్తే ఛార్జింగ్ ఎక్కుతున్నట్టు గుర్తించి రెండింటినీ కలుపుతుంది. 12.75కు దిగి 30 సెకన్లు ఉంటే విడదీస్తుంది. స్టార్టరు తిరిగే క్షణాల్లో వేరుచేసే సదుపాయం కూడా ఇందులో ఉంది. దీనికి జతగా మూడు స్థానాల స్విచ్ వాడతారు. స్టార్టింగ్ బ్యాటరీ మొరాయించినప్పుడు మాత్రమే రెండింటినీ చేత్తో కలుపుతారు.

ప్రమాణాలు, అమరిక

1954లో ఏర్పడిన అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణాలను ఈ రంగంలో ఎక్కువగా పాటిస్తారు. స్టార్టరు వైరుకు మినహాయింపు ఉంది. మిగతా పాజిటివ్ వైర్లకు సాధారణంగా బ్యాటరీ నుంచి 7 అంగుళాల లోపు ఫ్యూజు ఉండాలి. వైరుకు అదనపు తొడుగు ఉంటే ఈ దూరం పెరగవచ్చు. నావిగేషన్ దీపాలు, పంపుల వంటి కీలక పరికరాల వైర్లలో వోల్టేజి తగ్గుదల 3 శాతం మించకూడదు. రెండు బ్యాటరీల నెగటివ్‌లనూ కలిపే ఉంచుతారు, విడదీసేది పాజిటివ్‌లనే. పడవ అడుగున చేరే నీటిని తోడే ఆటోమేటిక్ పంపుకు, మెయిన్ స్విచ్ ఆపినా కరెంటు అందేలా, బ్యాటరీ నుంచి ఫ్యూజుతో నేరుగా వైరు లాగుతారు.

బ్యాటరీ ఎంపికలోనూ తేడా ఉంది. కొన్ని సెకన్లపాటు వందల యాంపియర్లు ఇవ్వవలసిన స్టార్టింగ్ బ్యాటరీలో పలుచని ప్లేట్లు ఎక్కువగా ఉంటాయి. పదేపదే లోతుగా ఖాళీ అయ్యే హౌస్ బ్యాటరీకి మందమైన ప్లేట్లు కావాలి.

లిథియం కాలం

జాన్ గుడ్‌ఇనఫ్ బృందం 1990లలో టెక్సస్ విశ్వవిద్యాలయంలో గుర్తించిన లిథియం ఐరన్ ఫాస్ఫేటు, తేలిక బరువు వల్ల చిన్న పడవలకు బాగా నప్పింది. అయితే ఈ బ్యాటరీ ఛార్జింగ్ ఆగి ఊరికే ఉన్నప్పుడు కూడా దాదాపు 13.3 వోల్టులు చూపుతుంది. దాంతో పాత రిలే ఇంజను ఇంకా నడుస్తోందని భ్రమపడి విడదీయకుండా ఉండిపోతుంది. పైగా లిథియం బ్యాటరీ అందినంత కరెంటు లాగేస్తుంది కనుక చిన్న ఆల్టర్నేటర్లు వేడెక్కుతాయి. అందువల్ల లిథియం హౌస్ బ్యాటరీ ఉన్నచోట రిలే బదులు, కరెంటుకు పరిమితి విధించే డీసీ-డీసీ ఛార్జరును అమర్చడం పరిపాటి అయింది. రెండూ సీసం బ్యాటరీలే ఉన్న పడవల్లో మాత్రం వోల్టేజి రిలే ఇప్పటికీ సరళమైన, నమ్మదగిన పద్ధతి.